కేసింగ్ వెనక సిమెంట్

మార్చి 29

ఈ పుస్తకం కంపెనీది. వచ్చేటప్పుడు సంచిలో ఒకటి ఉండిపోయింది. ప్రతి పేజీ పైన తేదీ, లోతు, వాతావరణం అని అచ్చు వేసి ఉంటుంది. కింద రెండు గళ్లు: రాసినవారు, చూసినవారు. పద్నాలుగేళ్లు ఆయిల్ బావుల దగ్గర ఇలాంటి పేజీలే నింపాను. వేరే పుస్తకంలో రాయమంటే చెయ్యి ఆడదు.

లోతు: ఏమీ లేదు. వాతావరణం: ఎండ. రాసినవారు: ఉమామహేశ్, సిమెంట్ సూపర్‌వైజర్. చూసినవారు: ఖాళీ. ఇది నాకోసం రాసుకుంటున్నది, చూడాల్సినవాళ్లు ఎవరూ లేరు.

సెలవు మీద వచ్చి నెల దాటింది. మళ్లీ ఎప్పుడు పోవాలని నా భార్య సుప్రజ అడిగింది. సెలవు పొడిగించారని చెప్పాను. అబద్ధం కాదు. చాలానే పొడిగించారు.

మార్చి 30

తోట చూసి వచ్చాను. చీనీ చెట్లు, అంటే బత్తాయి, నూట అరవై. నేను గోదావరి పక్క రిగ్గుల మీద నెలలకు నెలలు ఉంటే, ఇక్కడ నా భార్య ఒక్కతే గుంతలు తీయించి, అంట్లు నాటించి, ఆరేళ్లు పెంచింది. ఈ ఏడు మొదటి కాపు. కాయలు నిమ్మకాయంత అయ్యాయి.

ఫిబ్రవరి పదకొండున మా పాత బోరు కూలింది. నూట నలభై అడుగుల దగ్గర బండల మధ్య పచ్చబంక మట్టి పొర ఒకటి ఉంది. అది జారి మోటరు మీద పడింది. మోటరు ఇంకా లోపలే ఉంది, పైకి రానంటోంది. కొత్త బోరు పడకపోతే చెట్లు మే నెల దాటవు. కాయలు రాలడం కాదు, చెట్లే పోతాయి.

ఫిబ్రవరి పదకొండున ఇంకో సంగతి కూడా జరిగింది. ఏడు నిమిషాల సంగతి. అది ఇక్కడ రాయను.

ప్రస్తుతానికి సుప్రజ ట్యాంకర్ తోలిస్తోంది. నేను కోయిలకుంట్ల పోయినప్పుడల్లా వచ్చి పోతుందట. ఇంతవరకు నా కంట పడలేదు. గట్టు వైపు వరుసలు బాగా పచ్చగా ఉన్నాయి. అటు నేల లోతు ఎక్కువ.

ఏప్రిల్ 1

గట్టుకు అవతల చేను శేషన్నది. నాన్నకు తమ్ముడి వరుస, నాకు చిన్నాయన. గట్టు మీది వేపచెట్టు ఎవరు కొట్టించారన్న దాని మీద నాన్నా ఆయనా మాట్లాడుకోవడం మానేశారు. నాన్న పోయారు. వేప మొద్దును చెదలు తినేశాయి. మాట్లాడకపోవడం మాత్రం నాకు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఎక్కడా పొల్లు పోనివ్వకుండా మాట్లాడకుండా ఉన్నాను.

ఆయనకు రెండెకరాల కనకాంబరాలు. ఆయన బోరు రెండించుల నీళ్లు పోస్తుంది. నేను అటు చూడను కానీ చప్పుడు వినిపిస్తుంది.

ఏప్రిల్ 3

బోరు లారీ తెచ్చే ఏజెంటు ఈరేష్ వచ్చాడు. తలుపు ముందర చెప్పులు విప్పకుండానే ఖరారు చేసేశాడు.

"నలభై అడుగులు కేసింగు పైపు దింపుతామన్నా. బండ తగిలినాక ఇంక పైపు యాల?"

మా పాత బోరును ఇలాంటివాళ్లే చంపారు. కూర్చోబెట్టి చెప్పాను. ఆయిల్ బావిలో ఒక పైపు కాదు, పైపులో పైపు, దాంట్లో ఇంకో పైపు దించుతారు. పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. పైపు దించితే సరిపోదు. పైపుకూ రాతికీ మధ్య సందు ఉంటుంది. సిమెంట్ పాలు పైపు లోపలినుంచి కిందికి కొడతారు. అవి అడుగు నుంచి బయటికి తిరిగి, ఆ సందులో పైకి ఎక్కుతాయి. నేల మీదికి వచ్చి కనిపించాలి. దాన్నే రిటర్న్ అంటారు. రిటర్న్ కంటితో చూసినవాడే కాగితం మీద సంతకం చెయ్యాలి. అప్పుడే కేసింగు నిలబడుతుంది, కింద బంక జారినా పైపును ఏమీ చెయ్యలేదు.

ఈరేష్ అంతా విన్నాడు.

"బాగుండాదన్నా. మనకు కావాల్సింది నీళ్లు గదా?"

నూట ఎనభై అడుగులు ఇనుప కేసింగు, వెనక సిమెంట్, అంతకు తక్కువ ఒప్పుకోనని చెప్పాను. వెళ్తూ వెళ్తూ సుప్రజ వైపు జాలిగా చూశాడు. ఆమె మజ్జిగ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఏప్రిల్ 6

మంగంపేట పోయి ముగ్గురాయి పొడి ఆరు సంచులు తెచ్చాను. ఆయిల్ బావి తవ్వేటప్పుడు లోపలికి కొట్టే బురదను బరువు చేయడానికి దీన్నే కలుపుతారు. మన సీమ రాయి ఎక్కడెక్కడి సముద్రాల అడుక్కో పోతుంది, మన చేలోకి మాత్రం రాదు. మొట్టమొదటిసారి వచ్చింది.

మన బోరు లారీ గాలితో తవ్వుతుంది కాబట్టి బురదే ఉండదని, ఈ పొడితో పని లేదని ఈరేష్ ఫోనులో అన్నాడు. సిమెంటులో కలుపుతానన్నాను. ఏదో ఒక దాంట్లో కలుపుతాను.

ఏప్రిల్ 7

సుప్రజ ఆ పొడితో వాకిట్లో ముగ్గు పెట్టింది. సాయంత్రం పెద్ద గాలి వచ్చింది. వీధిలో అందరి ముగ్గులూ లేచిపోయాయి. మాది కదల్లేదు.

ఏప్రిల్ 9

పనికి ముందు సేఫ్టీ మీటింగు పెట్టాను. హాజరు: బోరు లారీవాళ్లు నలుగురు, ఈరేష్, సుప్రజ. నేను నారింజ రంగు డ్రెస్సు, హెల్మెట్ వేసుకున్నాను. ఈరేష్‌ను హెల్మెట్ తెచ్చుకోమంటే బండి హెల్మెట్ తెచ్చి, అద్దం కిందికి దించుకుని నిలబడ్డాడు.

ప్రమాదం జరిగితే ఎవరెక్కడ ఉన్నా పని వదిలేసి ఒకచోట చేరాలి, తలలు లెక్కపెట్టుకోవాలి. ఆ చోటు చేను మొదట్లోని కంపచెట్టు అని చూపించాను.

"దాని కింద ముండ్లుండాయి," అంది సుప్రజ.

చెప్పులు వేసుకుని చేరాలని చెప్పాను. లారీ డ్రైవరు తమిళాయన, నేను చెప్పినదానికల్లా తలూపాడు. అందరికంటే బాగా అర్థం చేసుకున్నది ఆయనే అనిపించింది.

ఏప్రిల్ 10

లోతు: నాలుగు వందల అడుగులు. వాతావరణం: దుమ్ము.

నూట నలభై దగ్గర రాడ్డు తనంతట తాను రెండడుగులు కిందికి జారింది. అక్కడ బంక ఒక్కటే కాదు, గుహలాంటి ఖాళీ కూడా ఉందన్నమాట. మా పక్క నాపరాయి నేల అంతా అంతే, లోపల ఎక్కడ చూసినా బొక్కలే. మూడు వందల ఎనభై దగ్గర తడి తగిలింది. అరించు నీళ్లు. డ్రిప్ పైపులతో జాగ్రత్తగా ఇస్తే చెట్లను బతికించడానికి ఆ అరించు చాలు, బంక కూలకపోతే.

ఏప్రిల్ 14

కేసింగు దిగింది. పైపు రాతికి ఒక పక్క ఆనుకుంటే ఆ పక్కన సిమెంట్ పట్టదు, అందుకని పైపు నడిమధ్యన నిలబడేలా చుట్టూ వంచిన పట్టీలు వెల్డింగ్ చేయించాను. కోయిలకుంట్లలో వెల్డింగు షాపాయన మంచాల కాళ్లకు చేసే పట్టీలే చేసి ఇచ్చాడు. పువ్వుల డిజైను కూడా వచ్చింది. ఎవరూ చూడని చోట పువ్వులు ఉన్నాయి.

పైపు నిలువుగా దిగింది, వెంట్రుకవాసి వంకర లేదు. ఊళ్లో చాలామంది వచ్చి చూశారు. గట్టు అవతల నుంచి శేషన్న కూడా చూశాడు. ఆయన చూస్తున్నట్టు నేను చూడలేదు.

ఏప్రిల్ 17

బిల్డింగులకు సిమెంట్ పాలు కొట్టే పంపు తెప్పించాను. నా లెక్క ప్రకారం ముప్పై ఎనిమిది సంచులు చాలు. నలభై కొట్టాను.

రిటర్న్ రాలేదు. అప్పుడప్పుడూ అలా అవుతుంది.

ఏప్రిల్ 18

అరవై సంచులు. పై నుంచి సన్న గొట్టం దించి ఆ సందులోకే కొట్టాను. రిటర్న్ రాలేదు. అప్పుడప్పుడూ అలా అవుతుంది.

ఏప్రిల్ 19

యాభై. రాలేదు.

ఏప్రిల్ 20

సుప్రజ గట్టు దగ్గర పత్తికట్టె కుప్ప సర్దుతోంది. ఈ ఎండలో ఎందుకని అడిగితే పాములు చేరతాయంది. పాములు చేరతాయంటే కుప్ప తీసేయాలి కదా, ఈమె ఇంకా కట్టె వేసి ఎత్తు చేస్తోంది. కుప్ప కింద నేల తడిగా ఉంది. నీడకు తేమ ఆరదు.

ఏప్రిల్ 21

ఆయిల్ బావిలో సిమెంట్ ఇలా మాయమైతే మందు ఉంది. గింజల పెంకులు, చెక్కపొట్టు, దొరికిన పీచు అంతా కలిపి లోపలికి పంపిస్తారు. అవి పోయి బొక్కల్లో అడ్డం పడతాయి. మన దగ్గర బుడ్డల పొట్టును మించింది ఏముంది? వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు నుంచి ఒక ట్రాక్టర్ తెప్పించాను.

"పొయిలోకి వేసుకునేది బోరులోకి వేస్తాండావు," అంది సుప్రజ.

ఏప్రిల్ 23

పొట్టుతో యాభై సంచులు. రాలేదు.

ఈరేష్ నన్ను పక్కకు పిలిచాడు. హెల్మెట్ అద్దం పైకెత్తి మెల్లగా చెప్పాడు.

"అన్నా, ఇంక చాలన్నా. పైన రెండడుగులు మన్నేసి సిమెంట్ పూసేస్తే అయిపాయ. కేసింగు వెనక ఏముండాదో ఎవరు జూస్తారు?"

నేను అతని మీద అరిచాను. నోటికి ఏది వస్తే అది అన్నాను. చేతిలోని పార విసిరాను, అతని మీదికి కాదు, పొట్టు కుప్ప మీదికి. అతను బండెక్కి వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదు. అంత కోపం ఎందుకొచ్చిందో తెలియదు.

తెలుసు. రాయను.

ఏప్రిల్ 24

ఎండుతున్న వరుసలు మధ్యలోవి. గట్టు వైపువి ఇంకా పచ్చగానే ఉన్నాయి. అటు నేల లోతు ఎక్కువ.

ఏప్రిల్ 26

లోతు: చెప్పలేను. వాతావరణం: ఎండ.

ఈరేష్‌కు ఫోన్ చేసి క్షమించమన్నాను. మనుషులను తీసుకుని వచ్చాడు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. సిమెంట్, ముగ్గురాయి పొడి, బుడ్డల పొట్టు. ఆపకుండా కొట్టాం. ఎనభై, తొంభై, నూరు. పాలు పల్చగా కలిపితే పోతుందేమోనని పల్చగా కలిపాం. నూట పన్నెండో సంచి లోపలికి పోతుండగా సుప్రజ గట్టు వైపు నుంచి వచ్చింది. పరిగెత్తలేదు, నడిచే వచ్చింది.

"నువ్వు చెప్పే రిటర్ను బూడిద రంగులో ఉంటాదా?"

అవునన్నాను.

"శానా చిక్కగా, గంజి మాదిరి?"

అవునన్నాను.

"మధ్యలో పొట్టు తేలుతా?"

ఎక్కడ చూశావన్నాను.

"వచ్చినాది. శేషన్న మామ బోరులో."

గట్టెక్కి చూశాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నేరుగా అటు చూశాను. శేషన్న మోటరు నడుస్తోంది. పైపులోంచి బూడిద రంగు గంజి కనకాంబరాల కాలువలోకి పడుతోంది. ఎర్రటి పూలు, బూడిద కాలువ. అంతలో మోటరు ఒక మూలుగు మూలిగి నిలిచిపోయింది.

రిటర్న్: వచ్చింది. మన బోరులో కాదు.

మొత్తం మూడు వందల పన్నెండు సంచులు.

ఏప్రిల్ 27

ఒక బోరులోంచి బుడ్డల పొట్టు రావడానికి చాలా కారణాలు ఉంటాయి. ఒకటి, ఎలుకలు. రెండు, వానకు కొట్టుకుపోయి ఉండవచ్చు. అక్టోబరు తరువాత వాన లేదు. మూడు

ఏప్రిల్ 28

ఒకటే కారణం ఉంది.

ఏప్రిల్ 29

పొద్దున సుప్రజ అడిగింది.

"ఇంగ మన చెట్లకు నీళ్లెట్ల?"

ట్యాంకర్ ఉంది కదా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టు దగ్గరికి తీసుకుపోయింది. పత్తికట్టె కుప్పను రెండు చేతులతో పక్కకు లాగింది. కింద నల్ల పైపు ఉంది. గట్టు అడుగు నుంచి శేషన్న బోరుకు పోయింది. ఇటువైపు మా డ్రిప్పుకు కలిపి ఉంది.

"ఫిబ్రవరి నుంచి ఆయనే ఇస్తాండాడు. దినానికి మూడు గంటలు. నీకు చెప్తే వద్దంటావని నేనే చెప్పొద్దన్న్యా. ట్యాంకరు లేదు, ఏమీ ల్యా."

నా చెట్లను బతికిస్తున్న బోరులో నేనే సిమెంట్ పోశాను. పొట్టు కూడా వేసి, ఎక్కడా సందు లేకుండా, నాకు తెలిసిన విద్య అంతా పెట్టి పోశాను. నా ఉద్యోగంలో ఇంత గట్టిగా ఏ బావీ మూసి ఉండను.

ఏం చెయ్యాలో తోచలేదు. కాళ్లు వాటంతట అవే కంపచెట్టు దగ్గరికి తీసుకుపోయాయి. ప్రమాదం జరిగితే చేరాల్సిన చోటు అదే కదా. దాని కింద నిలబడ్డాను. హాజరు: ఒకడు. చెప్పులు మరిచిపోయి పోయాను. ముల్లు దిగింది.

కాసేపటికి సుప్రజ వచ్చి పక్కన నిలబడింది. ఆ తరువాత గట్టు దిగి శేషన్న వచ్చాడు. డెబ్బై ఏళ్లు ఉంటాయి, నిదానంగా వచ్చాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఏమప్పా మహేశా, ఈడ నిలబడుకోండావు?"

ఇరవై రెండేళ్ల తరువాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. నేను అనాల్సిన మొదటి మాట ఒకటే ఉంది.

"చిన్నాయనా, మీ బోరులోది నా సిమెంట్."

"తెలిసె. గంజిలో పొట్టు జూస్తానే తెలిసె. ఈ మండలంలో బోరుకు బుడ్డల పొట్టు తినిపించేవాడు ఇంగెవడుండాడు?"

ఆయన కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. కోప్పడలేదు. కింద కూర్చుని నా అరికాలు పట్టుకుని ముల్లు చూశాడు. ముల్లు పీకుతూ, ఊపిరి కూడా గట్టిగా వదలకుండా అడిగాడు.

"అంత సిమెంటు యాల పోస్తివప్పా? నలభైకి రాకపోతే నిలబెట్టొద్దా?"

అప్పుడు చెప్పాను. ఇక్కడ రాయను అనుకున్నది నోటితోనే చెప్పేశాను. ఫిబ్రవరి పదకొండున రిగ్గు మీద సిమెంట్ పని నడుస్తోంది. రిటర్న్ వచ్చే వేళకు నేను అక్కడ నిలబడి చూడాలి. నేను ఏడు నిమిషాలు ఫోనులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి పంపు ఆపేశారు. వచ్చే ఉంటుందిలే అనుకుని, చూసినవారు అన్న గళ్లో సంతకం పెట్టాను. రాలేదు. కేసింగు వెనక సగం ఖాళీ అని వారానికి పరీక్షలో తేలింది. పైపుకు బొక్కలు పెట్టి మళ్లీ సిమెంట్ కొట్టుకున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నన్ను పంపించేశారు. సెలవు కాదు. అందుకే ఈసారి కంటితో చూసేదాకా ఆపకూడదు అనుకున్నాను.

సుప్రజ నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆ ఏడు నిమిషాలు నాతోనే గదా మాట్లాడ్తాంటివి. బోరు కూలిందని నేనే ఏడ్చుకుంటా ఫోన్ జేస్తి. నీ పక్కన ఎవురో 'సార్, జూసినారా' అని అడిగె. 'జూసినా జూసినా' అంటివి. నువ్వు యాడ జూసినావు? నాకు ధైర్యం జెప్తాంటివి. నువ్వు సంచి తీసుకోని ఇంటికొచ్చిన దినమే నాకు తెలిసె."

ఫిబ్రవరి నుంచి తెలుసు. సెలవు ఎప్పటిదాకా అని ప్రతి వారం అడిగింది కూడా తెలిసే అడిగింది. నేను చెప్తానేమోనని.

నాకు ఏడుపొచ్చింది. శేషన్న ముల్లు పీకి చూపించాడు. ముల్లుకే ఏడుస్తున్నానని ఆయన అనుకున్నట్టు నటించాడు. మంచి మనిషి. నాన్న మాట్లాడి ఉండాల్సింది.

ఏప్రిల్ 30

ఇవాళ ట్యాంకర్ నా కంట పడింది. నిజం ట్యాంకర్. సగం మా చెట్లకు, సగం శేషన్న పూలకు. ఎవరికీ చాలలేదు.

మే 3

గట్టు వైపు మొదటి వరుస వాడింది. అటు నేల లోతు ఎక్కువేమీ కాదు.

మే 6

తొమ్మిది చెట్లు పోయాయి. సుప్రజ ఒక్కొక్క దాన్ని గోటితో గీకి చూస్తోంది. లోపల పచ్చగా ఉంటే తరువాతి దానికి పోతోంది. లేకపోతే కాసేపు అక్కడే నిలబడుతోంది.

మే 8

ఏమీ తోచక మన కేసింగు దగ్గరికి పోయాను. మూత తీసి లోపలికి ఒక రాయి వేశాను. నాలుగు వందల అడుగుల గుంత, అడుగున అరించు నీళ్లు. రాయి చప్పుడు వినిపించడానికి చాలాసేపు పట్టాలి.

వెంటనే వినిపించింది.

తాడు దించి చూశాను. నీళ్లు అరవై అడుగుల్లో ఉన్నాయి.

మే 9

మోటరు దించాం. రెండున్నర ఇంచులు. పొద్దున్నుంచి సాయంత్రందాకా తగ్గలేదు. ఈరేష్ హెల్మెట్ తీసి నీళ్లు పట్టి తల మీద పోసుకున్నాడు.

ఇందులో అద్భుతం ఏమీ లేదు. నూట నలభై అడుగుల గుహలోంచి నీళ్లు మన చేని కింద నుంచి శేషన్న వైపు పోతూ ఉండేవి. నేను ఆ దారి మూసేశాను. పోయే దారి లేక నీళ్లు వెనక్కి ఎగదన్ని, కింది సందుల్లోంచి మన బోరులోకి ఎక్కాయి. కేసింగు బంగారంలా నిలబడింది. బంక జారలేదు. నేను శేషన్న నీళ్లు దొంగిలించాను, అంతే. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక రెండూ చేశాను.

మే 10

ఊరు ఊరంతా తెలిసిపోయింది. పొద్దున్నే పదిమంది వాకిట్లో ఉన్నారు. ఆయిల్ కంపెనీలో నేర్చుకున్న విద్యతో పక్కవాళ్ల నీళ్లు మన వైపు తిప్పుకోవచ్చని నమ్ముతున్నారు. కాదని చెప్పడం కష్టం, ఎందుకంటే అది జరిగింది.

రామాంజి అనే ఆయన బుడ్డల పొట్టు ముందే తెచ్చేశాడు. ట్రాక్టర్ నిండా.

"అన్నా, మా తమ్మునిది మాకంటే దిగువనుండాది. వాని బోరు మూసేకి ఎన్ని సంచులు పడ్తాది?"

మీ తమ్ముడికి తెలుసా అని అడిగాను.

"వాడూ వచ్చినాడు. ఆ వెనకాల నిలబడుకోండాడు. వాడు నా బోరు గురించి అడగాలని వచ్చినాడు."

వెనక నిలబడ్డాయన చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. వాళ్లిద్దరూ ఒకే ట్రాక్టర్‌లో వచ్చారట. అందరినీ కంపచెట్టు కిందికి పంపించి సేఫ్టీ మీటింగు పెట్టాను. నేను చేసింది పని కాదు, ప్రమాదం అని గంటసేపు చెప్పాను. అందరూ తలూపారు. వెళ్తూ వెళ్తూ ముగ్గురు నా ఫోన్ నంబరు తీసుకున్నారు.

మే 12

సుప్రజ పత్తికట్టె కుప్పను పూర్తిగా తీసేసి పొయ్యిలోకి వేసింది. నల్ల పైపు అలాగే ఉంది. పైపు మార్చాల్సిన పని కూడా లేకపోయింది. ఈ చివర విప్పి మన బోరుకు బిగించాను. ఆ చివర శేషన్న విప్పి తన కాలువలోకి వదిలాడు. నీళ్లు ఇప్పుడు ఇటు నుంచి అటు పోతున్నాయి. దినానికి సగం దినం ఆయనకు. నేను ఎక్కువ ఇస్తానన్నాను. ఆయన వద్దన్నాడు.

"నాకు పూలేగదప్పా. నీకు చెట్లు."

నూట అరవైలో బతికినవి నూట యాభై ఒకటి.

మే 14

లోతు: నాలుగు వందలు. కేసింగు: నూట ఎనభై. వాతావరణం: సాయంత్రం మబ్బు పట్టింది, కురవలేదు.

ఈ పుస్తకం ఎవరికీ చూపించకూడదు అనుకున్నాను. ఇవాళ సుప్రజ చూస్తుండగానే సంచిలోంచి తీసి శేషన్న ఇంటికి పట్టుకుపోయాను. ఏప్రిల్ 26 పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. పేజీ అడుగున లెక్క రాసి, సూపర్‌వైజర్ అన్న మాట కొట్టేసి చదివి వినిపించాను. రిటర్న్: వచ్చింది. చోటు: శేషన్న బోరు. సిమెంట్: మూడు వందల పన్నెండు సంచులు. రాసినవారు: ఉమామహేశ్.

కింద ఖాళీగా ఉన్న గళ్లో సంతకం పెట్టమన్నాను. ఎందుకని ఆయన అడిగాడు. ఆ రోజు బోరు దగ్గరే నిలబడి రిటర్న్‌ను చూసిన మనిషి మీరే, ఆ గడి మీదే అన్నాను.

కళ్లద్దాలు తెప్పించుకున్నాడు. ఆ లెక్క అంతా మళ్లీ తానే వేలు పెట్టి చదువుకున్నాడు. సిమెంట్ అన్న చోట ఆగి నా వైపు చూశాడు, నేను ఏదో రాయడం మరిచిపోయినట్టు. తరువాత పెన్ను తీసుకుని, చూసినవారు అన్న దగ్గర పెద్ద అక్షరాలతో నిదానంగా రాశాడు.

శేషన్న. పొట్టు గూడా వచ్చినాది.